చుక్కి రెండో విద్య

26 జూన్ 1992, శుక్రవారం

ఈ నోట్‌బుక్కు పోగు సుట్టే కండెల బుట్ట అడుగున దాస్తున్న. కండెల బుట్ట జోలికి మొగోళ్లు రారు, మా ఇంట్ల ఆడమనిషిని నేనొక్కదాన్నే. అమ్మ పోయి ఆరేండ్లాయె. సాలమ్మక్క నార్కట్‌పల్లిల అత్తగారింట్ల ఉన్నది. అంటే రాసేది నేనే, సదివేది నేనే. మనసుల ఉన్నది ఉన్నట్టు తిట్టొచ్చు.

పొద్దుగాల ఏడింటికే లింగయ్య పెద్దబాపు వచ్చిండు. సొసైటీ డైరెక్టర్ అయినకాంచి ఆయన నడక గూడ మారింది. గడపల నిలబడి రూలు సదివిండు. మగ్గం సొసైటీది. మెంబరు తన చేతులతోని నేసినన్ని రోజులే ఆ ఇంట్ల ఉంటది. చెయ్యి ఆగితే కొడుకు పేరు మీదికి పోతది. కొడుకు లేకుంటే వాపస్.

"నీకు తెల్వనిదా భీమయ్యా, ఊకనే యాదికి చేస్తున్న" అన్నడు బాపుతోని.

ఊకనే అంట! ఊకనే ఎవడన్న చాయ్ గూడ తాగకముందు వచ్చి రూలు సదువుతడా? కూతురు ఉంటే ఏం జేయాలె అని మాత్రం ఆ రూల్ల లేదు. ఊర్ల ఆడోళ్లు నేస్తలేరా? సగం ఇండ్లల్ల నేస్తాండ్రు. సొసైటీ బుక్కుల పేరు మాత్రం మొగునిదో కొడుకుదో ఉంటది. ఆడపిల్ల రేపు పెండ్లయి పోతది, మగ్గాన్ని గూడ ఎంబడి తీస్కపోతదా అని అడుగుతరు.

బాపు ఒళ్ల చేతులు పెట్టుకొని కూసున్నడు. కుడిచెయ్యి మీద ఎడమచెయ్యి.

బాపు చేతికి ఏం కాలే. వానకాలం, మగ్గం గుంటల చెమ్మ, అంతే. ఎండలు వస్తె సదురుకుంటది.

పగటీలి జాఫర్ ఇంటికి పోయిన.

29 జూన్

జాఫర్ ఇంటికి పోవుడు గురించి గోవిందమ్మత్త మళ్ల అడిగింది. గోడవతలి ఇల్లు గదా, నేను తుమ్మినా ఆమెకు తెలుస్తది. "శుక్రవారం శుక్రవారం ఏం పనే అండాలూ?" అని. ట్యూబులకు పోయిన అని చెప్పిన. అబద్ధం గాదు. జాఫర్‌ది సైకిల్ షాపు. పాత ట్యూబులు సన్నగ కోసి ఇస్తడు, రంగు అంటకుంట పోగులకు చిటికి కట్టుడుకు ఊరందరికి ఆ రబ్బరే. కాని ట్యూబులకు మూడు గంటలు పడ్తదా అని ఆమె అడగలే, నేను చెప్పలే.

అక్కడ మేము ఒక ఆట ఆడ్తం, వాళ్ల వాకిట్లనే. జాఫర్ చెల్లె అమీనా, నేను, నడుమ జాఫర్. వాళ్లమ్మ హుస్సేన్ బీ అక్కడనే బియ్యం ఏరుకుంట మమ్ముల జూసి నవ్వుతది. ఆ ఆట బుక్కు జాఫర్‌కు ఆబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద దొరికింది, ముందటి పేజీలు లేవు. బొమ్మలు చూసి కొన్నడు, తర్వాత డిక్షనరీ పెట్టుకొని ఆర్నెల్లు సదివిండు. అదొక ఆట. ఒకడు కథ చెప్తడు, మిగిలినోళ్లు ఆ కథల మనుషులు. అమీనా హకీం. నేను చుక్కి అనే దొంగ. తాళాలు తీస్త, గోడలెక్కుత, చప్పుడు లేకుంట నడుస్త. ఇరవై మొకాల పాచిక ఉండాల్నంట, మాకేడిది? ఒకటి నుంచి ఇరవై దాకా చిట్టీలు రాసి డాల్డా డబ్బల ఏసినం.

టైంపాసు. అంతకంటె ఏం లేదు.

3 జూలై, శుక్రవారం

ఇయ్యాల జాఫర్‌తోని కొట్లాడిన.

చుక్కి ఇప్పుడు దొంగల ఆరో మెట్టు మీద ఉన్నది. ఇగ నాకు దాసుకొని తిరుగుడు చాలు అనిపించింది. కత్తి పట్టాలె, ఎదురుంగ నిలబడి కొట్లాడాలె. "చుక్కిని యోధురాలిని జెయ్" అన్న. జాఫర్ బుక్కు తిప్పి తిప్పి ఒక పేజీల ఏలు పెట్టి సదివి చెప్పిండు.

అడవి జాతోళ్లు ఉంటరంట, చెవులు పొడుగ్గ ఉంటయంట వాళ్లకు. వాళ్లు రెండు విద్యలు ఒక్కసారే నేర్వొచ్చు. ఇక్కడ అడుగు, అక్కడ అడుగు, మెల్లగ రెండూ ఎక్కుతయి. మనుషులకు గట్ల లేదు. మనిషి ఒకటి ఇడిసిపెట్టి ఇంకోటి పట్టాలె, మొదటి మెట్టు నుంచి. కొత్త విద్య పాతదాన్ని దాటేదాంక పాత విద్యను ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఆ ప్రయాణంల సంపాదించిన మార్కులన్ని సున్న.

"దాటినంక?"

"దాటినంక రెండూ నీయే. ఫికర్ లేదు."

"అంటే ఆరు మెట్లు ఎక్కిన చుక్కి ఏడో మెట్టు ఎక్కేదాంక చేతులు కట్టుకోవాల్నా? తాళం తీసుడు మర్చిపోతదా అది? చేతికి వచ్చిన పని చేతిల నుంచి ఎట్ల పోతది?"

"మర్చిపోదు. వాడొద్దు, గంతే. రూలు."

"మనుషులకే ఎందుకు గీ శిక్ష?"

"నేను రాసిన్నా అండాలూ? బుక్కుల గట్లనే ఉన్నది."

బుక్కుల గట్లనే ఉన్నది! లింగయ్య పెద్దబాపు గూడ గిదే మాట. ఎవడో కూసొని రాస్తడు, ఇంకొకడు ఏలు పెట్టి సదువుతడు.

అమీనా మెల్లగ అన్నది, "నువ్వైతే చెవులు పొడుగు జేసుకో, జల్ది అయితది." నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలే.

చుక్కి యోధురాలయింది. మొదటి మెట్టు.

4 జూలై

రాయొద్దనుకున్న, కాని ఎక్కడన్న ఒక కాడ రాయాలె గదా.

ఉగాది తెల్లారి సంది మగ్గం మీద నేనే. తలుపు దగ్గరేసి నేస్త. బాపు పక్కకు పీట ఏసుకొని కూసుంటడు. ఎవరన్న వస్తే నేను గుంటల నుంచి లేస్త, బాపు దిగుతడు. ఆ మాట మేమిద్దరం ఎప్పుడు అనుకోలే. గట్లనే అయిపోయింది.

కష్టం నేసుడు కాదు, సప్పుడు. నేతోడి చేతిని చెవితోనే గుర్తుపడ్తరు మా వాడల. పోగును కూసోబెట్టేటందుకు బాపుది రెండు దెబ్బలు, ఒకటి మెల్లగ, ఒకటి గట్టిగ. నలభై ఏండ్ల సంది గదే. నాది ఒక్కటే దెబ్బ, నిండుగ. ఒక్కటి చాలు, పోగు కూసుంటది. కాని నేను రెండు కొడ్తున్న. మూడు నెలల సంది బాపు తీరుగ కొడ్తున్న. మాపటికల్ల బుజం గుంజుతది.

10 జూలై, శుక్రవారం

ఢిల్లీల ఎగ్జిబిషన్ ఉన్నదంట. సొసైటీ బాపుకు పట్టు ఇచ్చింది. పడుగు, పేక, ఒక్క చీరకు సరిపోను, ఒక్క పోగు గూడ ఎక్కువ లేదు. కొత్త డిజైన్ కావాల్నంట. జంధ్యాల పున్నం అయినంక, ఆగస్టు పదిహేడు సోమవారం నాడు పట్నం నుంచి ఆఫీసరును తీస్కొని వస్తరంట. భీమయ్య మగ్గం మీద కూసొని వాళ్ల ముందల బెత్తెడు నేసి చూపియ్యాలె. గది లింగయ్య పెద్దబాపు మాటే అయి ఉంటది.

"డిజైన్ గీసినవా బిడ్డా?" అని అడిగిండు బాపు.

"గీసిన. పెట్టెల ఉన్నది" అన్న.

గీయలే. రేపు గీస్త. నెత్తిల ఉన్నది, కాగితం మీద పెట్టుడే.

గీసింది ఏందంటే జాఫర్ కోట. ఆటల మేము పోతున్న పాడుబడ్డ కోటకు పటం నేనే గీస్త, గళ్ల కాగితం నా దగ్గరనే ఉంటది గదా. ఒక్కొక్క గడి ఒక్కొక్క అడుగు. అర్రలు, దారులు, గుంటలు. ఒక మూల ఖాళీ ఉన్నది, అక్కడికి ఇంకా పోలే. చానా మంచిగొచ్చింది, పెట్టెల దాసిన. చీర డిజైన్ ఇంత శ్రద్ధగ ఎన్నడు గీయలే.

14 జూలై

సాలమ్మక్కకు నొప్పులంట. నార్కట్‌పల్లి పోతున్న. వచ్చినంక గీస్త.

19 జూలై, ఆదివారం

అక్కకు బిడ్డ పుట్టింది. తల్లి పిల్ల మంచిగున్నరు.

ఇంటికొచ్చి చూస్తే గోడకు నా కోట.

బాపు మేకు కొట్టి తలిగేసిండు. "పెట్టెల ఉన్నది అన్నవ్ గదా, తీసిన" అన్నడు. నేను లేని నాలుగు దినాలల్ల పేకను ఆసు చట్రం మీద పోసి, బొగ్గుతోని గీతలు పెట్టి, గోవిందమ్మత్తను కూసోబెట్టి చిటికి కట్టించిండు. రంగులద్దిచ్చిండు. ఎరుపు, నలుపు. కట్లు గూడ ఇప్పేసిండ్రు. దండెం మీద ఆరుతాంది.

"ఎన్నడు చూడని డిజైన్ బిడ్డా. గీత గీత లెక్క చూసిన. చెయ్యి వణికినా గీత తప్పలే, చూడు" అన్నడు. మొకం ఎలిగిపోతాంది. ఉగాది సంది ఆ మొకం చూడలే నేను.

ఏం చెప్పాలె? గది డిజైన్ గాదు బాపూ, జాఫర్ కథల దయ్యాల కోట అని చెప్పాల్నా? ఇంకో పేక లేదు. పట్టు లేదు. దినాలు లేవు.

"మంచిగున్నది" అన్న.

నోటితోని ఒక్క అబద్ధం ఆడితె నాలుగు దినాలల్ల దానికి రంగెక్కి దండెం మీద ఆరుతాంది.

24 జూలై, శుక్రవారం

అమీనాకు చెప్పిన. కడుపు పట్టుకొని నవ్వింది. "ఆ చీర కట్టుకున్నామె ఇంట్లనే దారి తప్పుతది" అన్నది. జాఫర్ నవ్వలే. "ఆ మూల ఖాళీ గూడ గట్లనే ఉంచిండ్రా?" అని అడిగిండు. ఉంచిండ్రు అన్న. "అరే, ఆ మూలల ఏమున్నదో నేనింకా అనుకోలే" అన్నడు.

ఆటల గూడ బుద్ధి తక్కువ పని జేసిన. కోట కింది అర్రల మేము చిక్కినం. నీళ్లు ఎక్కుతున్నయి, తలుపుకు తాళం. అమీనా హకీం మోకాలి లోతు నీళ్లల్ల మూలుగుతాంది. "కత్తితోని తలుపు పగులగొడ్తవా, ఏం జేస్తవ్?" అన్నడు జాఫర్. పగులగొట్టొచ్చు. చిట్టీ పదిహేనుకు పైన రావాలె. నాకు భయమైంది. చుక్కి సూది తీసింది, తాళం తీసింది. ఒక్క క్షణం పని.

జాఫర్ పెన్సిల్ పట్టుకొని నా కాగితం మీద మూడు వారాల మార్కులు కొట్టేసిండు. సున్న పెట్టిండు.

"పానాలు కాపాడిన గదనే!" అని అమీనా మీద అరిచిన. పాపం దానికేం సంబంధం.

"బతికినం గదా" అన్నది అది.

బతికినం. కాని చుక్కి మళ్ల దొంగనే.

31 జూలై

నేస్తున్న. జానెడు అయింది. కోట తలుపు వచ్చింది.

7 ఆగస్టు, శుక్రవారం



లింగయ్య పెద్దబాపు చెప్పకుంట వచ్చిండు. తలుపు కొట్టలే, తోసుకొని వచ్చిండు. చెప్పుల సప్పుడు ఇని నేను గుంటల నుంచి దుంకిన. బాపు దిగిండు, కాని ఎట్ల దిగిండు, ఒక కాలు మడతపడి సగం కూలబడ్డడు. లింగయ్య పెద్దబాపు చూసిండో లేదో తెల్వది. గోడ మీది పటం చూసిండు. నేసినంత మేర చెయ్యేసి నిమిరిండు. తర్వాత వంగి గుంట కాడ ఏదో ఏరిండు.

నా పచ్చగాజు ముక్క. దుంకంగ పగిలింది.

దాన్ని ఏళ్ల మధ్యల తిప్పి కిటికీల పెట్టిండు. "కాలుకు గుచ్చుకుంటది భీమయ్యా, జర పైలం" అన్నడు. పోయిండు.

పాము అయినా బుస కొడ్తది. గీ మనిషి ఏమీ అనడు. మగ్గం గుంజుకొని ఎవరికి ఇచ్చుకుంటడో, ముగ్గురు కొడుకులున్నరు గదా ఆయనకు!

ఆటకు పోలే ఇయ్యాల.

12 ఆగస్టు

బాపు నేను లేని టైం చూసి మగ్గం మీద కూసున్నడు. నేను పొయ్యి కాడి నుంచి విన్న. పేక పోగు తీస్కపోయే నాడె పోయింది, వచ్చింది. ఒక దెబ్బ మెల్లగ. రెండో దెబ్బ రాలే. మళ్ల నాడె. పోగు తెగింది.

నేను పోయి చూడలే. గిన్నెలు సప్పుడు చేసుకుంట తోమిన, ఇంటలేనని ఆయనకు తెల్వాలె గదా.

ఎండకాలంల గూడ వణికింది ఆ చెయ్యి. ఉగాదికి పచ్చడి గిన్నె జారిపోయింది. రాసిన, ఇగ కొట్టేయ.

13 ఆగస్టు

జంధ్యాల పున్నం. మగ్గానికి సెలవు. బాపు కొత్త జంధ్యం ముడి ఏసుకోలేకపోయిండు. నేనేసిన. ఆడపిల్ల ముట్టొద్దంటరు. ఎవరు చూసిండ్రు.

16 ఆగస్టు, ఆదివారం

రేపే.

అన్నీ ఆలోచించి పెట్టిన. బ్లేడు సగానికి ఇరిసి నడుముల చెక్కుకుంట. వాళ్లు బాపును కూసో అనంగనే నేను నీళ్లకని ఎనుకకు పోత, పడుగు చివరి కొస కాడికి. పిడికెడు పోగులు కోస్త. ఎలుకలు కొరికినయని ఒర్లుత. అతికేసరికి వారం పడ్తది. వారం నాటికి ఆఫీసరు పట్నంల ఉంటడు. ఇగ ఎవరొస్తరు?

పడుగు కోసినోళ్ల ఇంట్ల అన్నం ఉడకదని అమ్మ అనేది. అమ్మకేం, చెప్పి పోయింది.

మాపటికి అమీనా వచ్చింది, రెండు శుక్రవారాలైతాంది ఎందుకు వస్తలేవని. చెప్పిన. "మళ్ల తాళమే తీస్తవా అండాలూ?" అన్నది.

"ఇది ఆట గాదు" అన్న.

"అవ్ గదా" అన్నది. దాని తమ్మలపాకంత మొకంల కోపం నేనెన్నడు చూడలే. చాయ్ తాగకుంటనే పోయింది.

17 ఆగస్టు, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్త. లేకుంటె రేపటికి నేనే మార్చుకుంట.

పదకొండింటికి వచ్చిండ్రు. లింగయ్య పెద్దబాపు, పట్నం ఆఫీసరు, ఎనుక వాడ సగం. గోవిందమ్మత్త గడప మీదనే కూసున్నది. ఆఫీసరుకు కండ్లద్దాలు, మెత్తటి మాట. నేసిన చీర చూసి అట్లనే నిలబడిపోయిండు. గోడ మీది కాగితం చూసిండు, చీర చూసిండు.

"ఇంత వంకర లేని గీత నేను చూడలేదు భీమయ్యగారూ. ఇది ఏమి నమూనా?"

బాపు నా దిక్కు చూసిండు.

"ఈ మూల ఎందుకు ఖాళీగా వదిలేశారు?" అని మళ్ల అడిగిండు ఆయన.

బాపు కంటె ముందుగాల నా నోటి నుంచే జవాబు వచ్చింది. "అక్కడికి ఇంకా పోలే సార్."

ఆయనకేం అర్థమైందో, నవ్విండు. లింగయ్య పెద్దబాపు నవ్వలే.

"కూసో భీమయ్యా. బెత్తెడు నెయ్యి" అన్నడు.

బాపు గుంటల దిగిండు. నేను చెంబు పట్టుకొని ఎనుకకు పోయిన. పడుగు కొస కాడ వంగిన. బ్లేడు ఏళ్ల నడుమ ఉన్నది. పట్టు పోగులు బిగుసుకొని ఉన్నయి, కొస్తే టప్పున పోతయి. అక్కడి నుంచి బాపు ఈపు కనపడ్తాంది, చొక్క చెమటకు అతుక్కున్నది. కుడిచెయ్యి నాడె తాడు మీద పెట్టిండు. మగ్గం పెట్టెల నాడె గలగలమంటాంది. ఆయన ఇంకా గుంజలే, చెయ్యి వణుకుకే గలగల. అందరికి ఇనబడ్తాంది.

కొయ్యి, కొయ్యి అనుకుంటున్న. చెయ్యి పోతలేదు. జాఫర్ పెన్సిలే యాదికొచ్చింది. ఒక్క తాళానికి మూడు వారాలు సున్న. గీ పిడికెడు పోగులు కోస్తే? ఉగాది సంది నేసింది, బుజం పడిపోయేటట్టు నేసింది, అంతా ఎవరు నేసినట్టు? ఎలుకలు కొరికిన చీర నేసినామె అంటరా నన్ను? ఏమీ అనరు. నేనున్నట్టే తెల్వదు.

బ్లేడు చెంబుల ఏసిన. టింగుమన్నది.

"బాపూ లే. నేను నేస్త."

బాపు ఎనుకకు మల్లలే. "నువ్వు నీళ్లు తే పో" అన్నడు. ఆ గొంతు నాకు తెలుసు. నన్ను కాపాడుదామని.

"నీళ్లు ఎవరికి గావాలె? లే బాపూ. ఉగాది సంది నేసింది నేను. గీ చీర నేసింది నేను. గోడ మీది గీతలు నాయి. పెద్దబాపూ, రాసుకో, పెన్ను ఉన్నది గదా జేబుల!" ఒర్లిన. వాడంతా ఇన్నది. నా గొంతు అంత పెద్దదని నాకే తెల్వదు.

బాపు లేవలే. తర్వాత తాడు ఇడిసిపెట్టిండు, గలగల ఆగింది. గోవిందమ్మత్త లేచి రెక్క పట్టుకొని పైకి లేపింది.

నేను దిగిన. నాడె గుంజిన. ఒక్కటే దెబ్బ కొట్టిన, నాది, నిండుగ. మళ్ల నాడె. ఒక్కటే దెబ్బ. ఎవరి తీరుగనో కొట్టుడు మర్చిపోయిన కాసేపటికి. బెత్తెడు అన్నరు, జానెడు నేసిన. ఎవరో ఆపితె ఆగిన.

లింగయ్య పెద్దబాపు కండ్లు మూసుకొని నిలబడ్డడు, పాట ఇనేటోని తీరుగ.

"గిది నీ చెయ్యి" అన్నడు. "మీ బాపు మొదటి దెబ్బ మెల్లగ, రెండోది గట్టిగ. తలుపేసుకొని నువ్వు రెండూ ఒక్క తీరు కొట్టినవ్. ఉగాది సంది ఇంటున్న."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలిసి గూడ ఇన్ని దినాలు నన్ను కాల్చుకు తిన్నవా? గాజుముక్క ఏరి కిటికీల పెడ్తివి! నోటితోని అడగొద్దా?"

"అడిగితే అబద్ధమాడ్తవ్ బిడ్డా. నువ్వు ఆడినంక, తెలిసినోన్ని గదా, అబద్ధమని నేను బుక్కుల రాయాలె. మగ్గం పోతది. నువ్వే చెప్తవేమోనని గడప తొక్కిన, ఒక్కసారి గాదు." జేబుల పెన్ను సదురుకున్నడు. "ఇగ చూస్త, మీటింగుల పెడ్త. మగ్గం పోనియ్య."

ఆఫీసరు కండ్లద్దాలు తుడుచుకున్నడు. ఎగ్జిబిషన్‌కు భీమయ్య పేరు పంపినరంట, నేసింది భీమయ్య కాదు గనుక ఈ చీర పోదంట. రూలు. బాధపడుకుంటనే చెప్పిండు పాపం. నేను బాధపడలే. పడిన. జర పడిన.

మాపటికి బాపుకు అన్నీ చెప్పిన. కోట, జాఫర్, చుక్కి, చిట్టీలు, రూలు. తిడ్తడనుకున్న. గోడ దిక్కు చూసుకుంట, "అయితే గీ నల్లగడి గుంటనా? నేను పువ్వనుకున్న" అన్నడు.

25 ఆగస్టు

మీటింగుల ఒప్పుకున్నరు. లింగయ్య పెద్దబాపు కాగితం తెచ్చిండు. 'కొడుకు' అన్నది కొట్టేసి 'కూతురు' అని రాసిండు. 'పని' అన్న కాడ ఒక్కటే గడి ఉన్నది. "ఏం రాయాలె బిడ్డా? చిటికి కట్టుడా, కండెలు సుట్టుడా, నేతనా? ఒక్కటే రాయాల్నంట."

"అన్నీ రాయి. పట్టకుంటె పక్కపొంటి గీత పెట్టి రాయి" అన్న. రాసిండు.

కింద బాపు సంతకం పెట్టాలె. నా పేరు ఎక్కాల్నంటే ఆయన పేరు కొట్టేయాలె. గది నాకు ఎవరు ముందుగాల చెప్పలే. నేనూ అడగలే. నలభై ఏండ్ల సంది ఆ బుక్కుల ఉన్న పేరు. బాపు పెన్ను పట్టుకున్నడు. భీ అని రాసేసరికి పెన్ను మూడుసార్లు ఆగింది. నేను చెయ్యి పట్టుకుందామని పోయిన. "ఇడువు" అన్నడు. రాసిండు. కాగితమంత పొడుగు వచ్చింది సంతకం.

పేరు కొట్టేసే గీత లింగయ్య పెద్దబాపు గీసిండు. వంకరగ గీసిండు.

28 ఆగస్టు, శుక్రవారం

చుక్కి మళ్ల మొదటి మెట్టు నుంచి మొదలువెట్టింది. జాఫర్ ఆ ఖాళీ మూలల ఏం పెట్టిండో ఇంకా చెప్తలేడు. అమీనా మాట్లాడ్తాంది, ముందటి తీరుగనే.

ఇంటికొచ్చేసరికి వాకిట్ల రాట్నం సప్పుడు. గోవిందమ్మత్త అనుకున్న. బాపు. కండెల బుట్ట పక్కకు పెట్టుకొని కండెలు సుడ్తాండు. ఈ నోట్‌బుక్కు తీసి జాగ్రత్తగ గూట్లె పెట్టిండు. సదివినట్టు లేదు. సదివినా అననీ.

"నీ మగ్గానికి కండెలు ఎవరు సుట్టాలె మరి?" అన్నడు. "దీనికి చెయ్యి వణికినా నడుస్తది."

నేను పక్కపొంటి కూసున్న. ఒక కండె నిండింది. తర్వాత ఆయనే అడిగిండు.

"మీ ఆటల రూలు ప్రకారం నాది మొదటి మెట్టేనా బిడ్డా?"

"మొదటిదే బాపూ."

"పాత విద్యను దాటినంక పాతది మళ్ల నాదే అయితది గదా?"

"అయితది."

"పాతది నలభై ఏండ్లు." ఏళ్ల మీద లెక్క పెట్టినట్టు చేసి నవ్విండు. "జర జల్ది సుట్టాలె అయితే."

నాకు నవ్వు రాలే. లోపటికి పోయి మగ్గం మీద కూసున్న, ఏడ్సిన. ఏడ్సుకుంటనే నేసిన. అవతల రాట్నం ఆగలే.

మాపటికి పదకొండు కండెలు సుట్టిండు. రెండు వదులుగున్నయి. ఆ రెండు నేను ఎవరికీ తెల్వకుంట మళ్ల సుట్టుకోలే. "బాపూ, గీ రెండు వదులుగున్నయి, మళ్ల సుట్టు" అని ఆయన చేతికే ఇచ్చిన. కోపంగ తీసుకున్నడు. సుట్టిండు.